అరువు చుక్క

తెప్ప పదిహేడు, రెండో వరస. శుక్రవారం పొద్దున్న.

తాళ్లు గట్టిగానే ఉన్నాయి. మంచినీళ్ల తొట్టి సగం నిండింది. అడుగు పీపాల్లో ఒకటి కారుతోంది, దానికి మైనం పెట్టాను. తోటకూర మీద ఉప్పు పేరుకుంది, కడగాలి.

నీళ్ల మీద తేలే మా తెప్పలూరిలో ప్రతి తెప్ప పెద్దా వారానికోసారి చిట్టా చెప్పాలని సంఘం నియమం. గోడకు బిగించిన ఈ చెవి నా మాటలు విని రాసుకుంటుంది. రాసుకున్నది ఎవరూ చదవరని నాకు తెలుసు. పోయినేడు ఒకసారి "తెప్ప మునిగిపోయింది, మేమంతా చచ్చిపోయాం" అని చెప్పి చూశాను. "అందింది, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. అప్పట్నుంచి నా ఇష్టం వచ్చినట్టు చెబుతున్నాను.

ఇవాళ గద్ద వచ్చే రోజు. గద్దంటే పిట్ట కాదు, ఆస్పత్రి ఓడ నుంచి ఎగిరొచ్చే యంత్రం. కడుపుతో ఉన్నవాళ్ల తెప్పల మీద వాలి, గాజు గొట్టంలో పెట్టిన రక్తపు చుక్కను పట్టుకుపోతుంది. తల్లి ఒంట్లో బిడ్డకు పాకే క్రిములేవైనా ఉంటే ఓడలో ఉన్న యంత్రం ఇట్టే పట్టేస్తుంది. పట్టేస్తే మందు ఉంది. చాలావాటికి సూదితో సరిపోతుంది. ఇంత మంచి ఏర్పాటు ప్రపంచంలో ఎక్కడా లేదని రేడియోలో రోజూ చెబుతారు. నేనూ కాదనను.

చిక్కల్లా దీపంతో. ఫలితం రాగానే గుమ్మం మీద దీపం వెలుగుతుంది. రక్తం బాగుంటే పచ్చ, మందు కావాలంటే ఎరుపు. మందు తెచ్చే గద్ద దారి తప్పకుండా ఉండటానికి పెట్టారట. గద్దకు ఎంత కనబడుతుందో నాకు తెలియదు గాని, ఎదురు తెప్పలో ఉన్న చింతాలమ్మ పిన్నికి మాత్రం బ్రహ్మాండంగా కనబడుతుంది. ఎరుపు వెలిగిందా, ఇక ఆ ఇంటిని పేరంటానికి పిలిచేవాళ్లుండరు. ఆ ఇంటి పిల్లలతో ఆడొద్దని పక్కింటి పిల్లలకు చెబుతారు. ఇంక సీమంతం మాట దేవుడెరుగు.

అందుకని తెప్పలూరి ఆడవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. అది ఉపాయమన్న సంగతి మరిచిపోయి ఇప్పుడు ఆచారమంటున్నారు. కడుపుతో ఉన్న అమ్మాయి గొట్టంలో ఆ అమ్మాయి రక్తం పొయ్యరు. మంచి రక్తమని పేరున్న ముత్తయిదువ చేత చుక్క పెట్టిస్తారు. ఆ ముత్తయిదువను నేనే. అసలు పేరు వీరవేణి, పిలిచేది చుక్కమ్మ. ఇద్దరు ఆడపిల్లల్ని కన్నాను, రెండుసార్లూ పచ్చదీపమే. వాళ్లిద్దరూ అయిదో వరసలో కాపురాలు చేసుకుంటున్నారు. చుక్క కావలసినవాళ్లు నా దగ్గరికి సారె పట్టుకుని వస్తారు. ఎండు మెత్తళ్ల చేపలు, బెల్లం అచ్చు, రవికెల గుడ్డ. నేను నా వేలు గుచ్చుకుని చుక్క పెట్టి, ఆ అమ్మాయికి బొట్టు పెట్టి పంపుతాను. గర్వంగా ఉండదా అంటే, ఉంటుంది.

యంత్రం పసిగట్టదా అంటే, పసిగట్టకూడదు. చుక్క ఎవరిదో ఆరా తీయడం నేరమని చట్టం ఉంది. మనిషి గుట్టు మనిషిదేనట. అందుకే గుట్టుగా పట్టుకెళ్లి, గుట్టుగా పరీక్ష చేసి, గుమ్మం మీద దీపం పెడతారు.

ఇవాళ నా తోటికోడలు నూకరత్నం కూర్చుంది నా ముందు. మా తెప్పలోనే, చెక్కగోడకు అవతల సగంలో ఉంటుంది. నాలుగో నెల. నిరుడు దాని బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. గుమ్మం మీద పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది. గ్రహణం పట్టిందని చింతాలమ్మ పిన్ని తేల్చింది.

"అక్కా, ఈపాలి కాస్త ఎక్కువే పెట్టు" అంది నూకరత్నం.

"ఇదేవన్నా పులుసటే, ఎక్కువ పొయ్యడానికి?"

నవ్వింది. నిరుటి నుంచి అది నవ్వడం ఇదే చూడ్డం. రెండు చుక్కలు పెట్టాను.

సోమవారం.

రెండో తాడు పురి విడిపోతోంది. మార్చాలి.

మగవాళ్లొచ్చారు. నా మొగుడు ధనరాజు, మా మరిది కామేశు. నడిసముద్రంలో గాలిమరలు బాగుచేసే పనికి మరిది రెండేళ్లుగా వెళ్తున్నాడు. ఈయన ఈ ఏడే మొదలు. తమ్ముడు సంపాదిస్తుంటే చూడలేక వెంట పడి వెళ్లాడు. అన్నదమ్ములు ఏ పనైనా కలిసే చేస్తారని మా అత్తగారు మురిసిపోయేది.

ఈయన వచ్చినవాడు వచ్చినట్టు గిన్నెలు తోమాడు. తొట్టి కడిగాడు. నా పాదాలు చూసి, "అయ్యో, పగిలిపోయాయే" అన్నాడు. పెళ్లయినప్పట్నుంచి ఈ మనిషి గిన్నె ముట్టుకోవడం నేనెరగను. బుద్ధున్న ఆడదైతే అప్పుడే అనుమానించాలి. నేను మాత్రం మురిసిపోయాను. చింతాలమ్మ పిన్నికి కనబడేలా తలుపు తీసి మరీ తోమించాను.

శుక్రవారం. వానలు.

మంచినీళ్లకు కరువు లేదు. ఈ మూడు నెలల్లో మగవాళ్లు మళ్లీ పనికెళ్లి, మొన్ననే వచ్చారు.

కడుపుతో ఉన్నవాళ్లకు నెలలు ముదిరాక రెండో గొట్టం ఇస్తారు. మధ్యలో కొత్తగా ఏదైనా అంటుకుందేమో చూడ్డానికి. ఈ వారం వానల వల్ల అందరివీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. పొద్దున్నే బారు కట్టారు. గుచ్చుకుని గుచ్చుకుని వేళ్లన్నీ జల్లెడయ్యాయి. అరచేతుల నిండా ఎర్రటి మచ్చలు కూడా ఉన్నాయి. దురదా లేదు, నొప్పీ లేదు. తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీకీ గీకీ వచ్చుంటాయని కొబ్బరినూనె రాశాను.

నూకరత్నానికి ఏడో నెల. పొట్ట మీద చెయ్యేసి చూపించింది, తన్నుతోందని. నాకు కళ్లు చెమర్చాయి. ఈ బిడ్డ బతకాలి. ఇంకో మాట లేదు.

ఆదివారం.

తాళ్లూ తొట్లూ ఎవడికి కావాలి!

పొద్దున్న లేచేసరికి కడుపుతో ఉన్న ప్రతి గుమ్మం మీదా ఎర్రదీపమే. ఒకటో వరస నుంచి అయిదో వరస దాకా ఊరు ఊరంతా ఎర్రగా మండిపోతోంది. ముందు అందరూ ఎవరి గుమ్మం వాళ్లు చూసుకుని గొల్లుమన్నారు. తర్వాత ఎదురింటిది చూసి కాస్త స్థిమితపడ్డారు. ఎవరిని వెలివేయాలో తెలియక చింతాలమ్మ పిన్ని మతిపోయి గుమ్మంలో కూలబడింది.

గోడ చెవి చల్లగా చెప్పింది, అందరికీ ఒకటే జబ్బు, సిఫిలిస్ అని. మా పాతవాళ్లు సుఖరోగం అనేవాళ్లు. ఆ పేరు పెట్టినవాడు కనబడితే బాగుండు, సుఖం ఎవరికో చూపించమని అడుగుదును.

మధ్యాహ్నం నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక తలుపు దగ్గరికి వచ్చారు.

"చుక్కమ్మొదినా, ఏటిది? నీ జబ్బుకి నాకు సూదేంటి?"

"నా చుక్క పట్టుకెళ్లావు కదా, నా సూదీ పట్టుకెళ్లు" అన్నాను.

వాళ్లు వెళ్లాక అరచేతులు చూసుకున్నాను. ఆ తర్వాత మొగుణ్ణి చూశాను. గిన్నె తోముతున్నాడు.

"ఏవయ్యా, ఆ గిన్నె అక్కడ పడేసి ఇటు చూడు. గాలిమరల కాడ ఏం వెలగబెట్టావ్?"

"సముద్రపు గాలి పడలేదేమోనే..."

"గాలికి రాదయ్యా ఇది!"

తోమిన గిన్నెనే ఇంకోసారి తోమాడు. చివరికి, "అక్కడో ఆడోళ్ల ఓడుందే. అందరూ ఎల్తారు. నేనెల్లనన్నాను. తమ్ముడే తీసుకెల్లాడు. ఆడు రెండేళ్లుగా ఎల్తున్నాడు" అన్నాడు.

గిన్నె లాక్కుని విసిరికొట్టాను, సముద్రంలో పడింది. ఇంకా చాలా అందామని నోరు తెరిచాను. అంతలో ఆ మాట చెవిలో పడింది. రెండేళ్లుగా.

రెండేళ్లుగా మరిది వెళ్తుంటే, నిరుడు నూకరత్నం ఒంట్లో ఏముండి ఉంటుంది? దాని గొట్టంలో పోసింది నా రక్తం. అప్పటికి నా రక్తం శుభ్రమే. పచ్చదీపం వెలిగింది. సూది రాలేదు. బిడ్డ పోయింది.

అక్కడే చతికిలబడ్డాను. కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపు మాత్రం ఆగలేదు. చెక్కగోడ అవతల నూకరత్నం పొట్టలో బిడ్డకు ఏదో పాట పాడుతోంది.

మంగళవారం.

సంఘం తెప్ప మీద సభ. ఆస్పత్రి ఓడ నుంచి డాక్టరు మెహరున్నీసా గారు స్వయంగా పడవలో వచ్చారు. గోడకు పెద్ద పలక వేలాడుతోంది. 'నూటికి నూరు పచ్చదీపాల ఊరు' అని తెప్పలూరికి ఇచ్చిన బహుమతి అది. వరసగా మూడేళ్లు మాకే వచ్చింది.

సంఘం పెద్ద కొండబాబు మావ లేచి గొంతు సవరించుకున్నాడు. "మన ఆడపిల్లలు నిప్పులాంటోళ్లు. ఆ యంత్రంలో ఉప్పునీళ్లు దూరి పాడైపోయింది. ఈ ఫలితాలు కొట్టేసి దీపాలు పచ్చగా మార్చాలని తీర్మానం పెడుతున్నాను. చేతులెత్తండి."

డాక్టరమ్మ బతిమాలారు. "యంత్రం బాగానే ఉందండీ. ఇప్పుడు సూది పడితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ నయమవుతుంది. పడకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు. పుట్టినా ఎముకలకో కళ్లకో చెవులకో దెబ్బ తగలొచ్చు. దీపం సంగతి తర్వాత చూద్దాం, ముందు సూది వేయించుకోండి."

"సూది ఏయించుకుంటే ఒప్పుకున్నట్టే గదండీ!" అంది చింతాలమ్మ పిన్ని. దాని కోడలు దేవమణికి ఇంకా కడుపే లేదు. అయినా అందరికంటే ముందు చెయ్యెత్తింది పిన్నే.

ఊరంతా చేతులెత్తింది. తీర్మానం నెగ్గితే డాక్టరమ్మ సూదుల పెట్టె తిరిగి పడవెక్కుతుంది. దీపాలు పచ్చబడతాయి. అందరూ ఇళ్లకెళ్లి హాయిగా నిద్రపోతారు. నేను నూకరత్నం వైపు చూశాను. మరిది దాని పక్కన తల దించుకుని కూర్చున్నాడు. అది ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండో చెయ్యి నెమ్మదిగా ఎత్తుతోంది.

లేచి నిలబడ్డాను.

"యంత్రం తప్పు కాదు. ఆ రక్తం నాది."

"ఏ రక్తం అమ్మా?" అన్నారు డాక్టరమ్మ.

"అన్నీ. అన్ని గొట్టాల్లోదీ నాదే."

"దీనికి మతి చలించింది" అంది పిన్ని. నేను అరచేతులు చాపి చూపించాను. డాక్టరమ్మ దగ్గరికొచ్చి చేతులు పట్టుకుని చూశారు. ఆ పైన గోడ మీది పలకను చూశారు.

"అంటే ఈ మూడేళ్ల బహుమతీ..."

"నాకేనండీ" అన్నాను.

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీలో కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి, పెట్టె తెరిచి, "ఒక్కొక్కరూ రండి. ఇవాళ నేనే తీస్తాను, ఎవరి వేలు వాళ్లది" అన్నారు. ఎవరూ కదల్లేదు. అందరికంటే ముందు నూకరత్నమే లేచింది. నా పక్క నుంచి వెళ్తూ నా ముఖం చూడలేదు.

"మరి నా తీర్మానం?" అన్నాడు కొండబాబు మావ. అప్పటికే ఆడవాళ్లు పెట్టె దగ్గర బారు కడుతున్నారు.

గురువారం.

డాక్టరమ్మ తీసిన రక్తాల ఫలితాలొచ్చాయి. కడుపుతో ఉన్నవాళ్లలో ఒక్కరిది తప్ప అందరివీ శుభ్రమైనవే. అంటే ఏ పాపం ఎరగని వాళ్లంతా ఇన్నాళ్లూ శుభ్రమైన రక్తం కోసం నాకు సారె మోశారు. అసలు అవసరమున్నది ఒక్క నూకరత్నానికే, దాన్నే దాచాం.

దానికి సూది పడింది. ఇంకా పడాలి. నాకూ, ఈయనకూ, మరిదికీ కూడా. ఈయన సూది చూసి కళ్లు మూసుకున్నాడు. "గట్టిగా పొడవండమ్మా, మొద్దు చర్మం" అని చెప్పాను ఓడ నుంచి వచ్చిన నర్సుకు.

సాయంత్రం నూకరత్నం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నిరుడు నా రక్తమే పంపుంటే, నా బిడ్డ బతికేదా?"

"ఏమోనే..."

"ఏమో ఏటి? సరిగ్గా సెప్పు."

"బతికేది" అన్నాను.

అది అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెనక్కెళ్లి, చెక్కగోడలో మా రెండు సగాలకూ మధ్యనున్న చిన్న తలుపు మూసి గడియ పెట్టుకుంది.

శనివారం. అందరి సూదులూ పూర్తయ్యాయి.

తాళ్లు బాగున్నాయి. పీపా మళ్లీ కారుతోంది.

నేను కడుపుతో లేకపోయినా సంఘం ప్రత్యేకంగా తీర్మానం చేసి నా గుమ్మానికి ఎర్రదీపం బిగించింది. నాకు జబ్బు నయమైందని డాక్టరమ్మ కాగితం రాసిచ్చినా తియ్యలేదు. దీపం సంఘం ఆస్తట. రాత్రిపూట దాని వెలుగులో వలలు కుట్టుకుంటున్నాను, ఆ మాత్రం లాభం ఉంది.

సారెలు లేవు. ఎవరూ రారు. పలక కోసం కొండబాబు మావ ఓడ దాకా వెళ్లి, తిరిగివ్వక్కర్లేదని మాట తీసుకుని వచ్చాడట. గడియ ఇంకా పడే ఉంది. అవతల నుంచి మరిదిని తిడుతున్న గొంతు మాత్రం రోజూ వినబడుతోంది. తిట్టనీ.

బుధవారం.

నూకరత్నానికి నెలలు నిండాయి, తెల్లారగట్ల నొప్పులొచ్చాయి. డాక్టరమ్మ పడవలో వచ్చారు. నేను ఇవతల గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. పిలవనిదే వెళ్లే మొహం నాకు లేదు. ఈయన గిన్నె తోమబోతుంటే చప్పుడు చేస్తే చంపేస్తానన్నాను.

పొద్దెక్కాక ఏడుపు వినబడింది. మొదట సన్నగా, తర్వాత ఊరు లేచిపోయేలా. ఆడపిల్ల. నేను గోడకు తల కొట్టుకుని ఏడ్చాను, సంతోషంతోనే.

గడియ తీసిన చప్పుడైంది.

"అక్కా, రా."

వెళ్లాను. డాక్టరమ్మ చేతిలో చిన్న సూది, గాజు గొట్టం ఉన్నాయి. పిల్లకు తల్లి నుంచి ఏమైనా అంటిందేమో చూడాలి, మడమ నుంచి చుక్క తియ్యాలన్నారు. నూకరత్నం ఆ పాదాన్ని తనే పట్టుకుంది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

"సూడు. నీ కళ్లతో సూడు. ఇది దీని రక్తమే" అంది నాతో.

"చూస్తున్నానే."

చుక్క పడింది. పిల్ల కెవ్వుమంది. నూకరత్నం గొట్టానికి మూత పెట్టి నా చేతికిచ్చింది. "గద్దకి నువ్వే ఇయ్యి. దారిలో ఎవరితోనూ మాట్లాడకు."

మాట్లాడలేదు. గద్ద దాన్ని పట్టుకుని కనుమరుగయ్యేదాకా తెప్ప అంచునే నిలబడ్డాను. అప్పట్నుంచి అన్నం సహించడం లేదు.

శుక్రవారం.

పచ్చ! పొద్దున్నే వెలిగింది. నిజమైన పచ్చ. మా తెప్ప మీద నేను పెట్టని మొదటి పచ్చ.

పిల్లను ఒళ్లో పెట్టుకుని నూకరత్నం గుమ్మంలో ఎండకు కూర్చుంది. నేను కాస్త ఎడంగా కూర్చుని మెత్తళ్లు ఆరబెడుతున్నాను. మాటలు ఇంకా అంతంతమాత్రమే. ఎదురు తెప్ప నుంచి చెక్కవంతెన మీదుగా చింతాలమ్మ పిన్ని వచ్చింది. వెనక కోడలు దేవమణి. పిన్ని చేతిలో పళ్లెం, పళ్లెంలో బెల్లం, రవికెల గుడ్డ, ఖాళీ గాజు గొట్టం.

"పిల్ల బంగారంలా ఉందమ్మా" అని మొదలుపెట్టింది. "మా దేవమణికి మూడో నెల. ఈయాళ గద్దొస్తాది. మరి దీని రక్తం మంచిదని తేలిపోయింది గదా. డాక్టరమ్మే సెప్పింది, ఊరంతా సూసింది. ఒక్క సుక్క. పసిపిల్లకి నొప్పేం తెలుస్తాది?"

మెత్తళ్లు చేతిలోంచి జారిపోయాయి. ఇంత జరిగాక కూడా!

నూకరత్నం పిల్ల పాదాలను చీరకొంగులో చుట్టేసింది.

"ఇయ్యను పిన్నీ. నీ కోడలికి రక్తం లేదా?"

"ఉంటే ఉంది గానీ, ఏటొస్తాదో ఎవరికెరుక? నీకు దొరికినట్టు అందరికీ అదృష్టం..."

"అదృష్టమా?" అంది నూకరత్నం. దాని గొంతు పైకి లేచింది. "నా పెద్దబిడ్డని గోనెలో సుట్టి సముద్రంలో కలిపింది నువ్వు సూడలేదా? ఆ దినం నా గుమ్మం మీద ఏ దీపం ఉంది పిన్నీ? సెప్పు, ఏ దీపం?"

పిన్ని మొహం తిప్పుకుని, "పదవే" అని కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల కదల్లేదు. అత్త చేతిలోంచి మోచెయ్యి విడిపించుకుని, పళ్లెంలో ఉన్న గొట్టం తీసుకుని మా ముందు గొంతుక్కూర్చుంది.

"నాది తియ్యండక్కా" అంది, వేలు చాపి.

"ఎర్రదీపం ఎలుగుతాదే!" అని పిన్ని కేకేసింది.

"ఎలిగితే సూది ఏయించుకుంటానత్తా."

నూకరత్నం నా వైపు తిరిగింది. గడియ పెట్టుకున్నాక మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసింది.

"తియ్యక్కా. నీకు అలవాటేగా."

సూది తీసుకున్నాను. దేవమణి వేలు నా చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడ గుచ్చాలో, ఎంత గుచ్చాలో ఎంతకీ తెలియలేదు. ఎంతమందికో చుక్క పెట్టానుగాని, నాది కాని వేలు గుచ్చడం నాకు ఇదే మొదలు.